చివరి పది మీటర్లలో ఏం చేయాలి? పిల్లలతో జియోక్యాషింగ్ గురించి ఒక సందేహం

పచ్చికబాట అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి ఉన్న కుటుంబం మాది. సెలవు రోజుల్లో పిల్లలను చెట్ల మధ్యకు తీసుకువెళ్ళడం మాకు అలవాటే గాని, ఈ మధ్య ఊరికే నడుద్దామంటే ఇద్దరూ ముఖం ముడుచుకుంటున్నారు. అందుకని, ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ అంకెల సాయంతో వెతికి పట్టుకునే జియోక్యాషింగ్ అనే ఆట గురించి చదివి, ఫోన్‌లో యాప్ వేసుకుని, పోయిన వారం మొదటిసారి బయలుదేరాము. క్యాష్ అన్న మాట వినగానే మా చిన్నవాడు డబ్బు దొరుకుతుందనుకుని జేబులు ఖాళీ చేసుకుని మరీ వచ్చాడు. దాచిపెట్టిన డబ్బానే ఈ ఆటలో క్యాష్ అంటారని దారి పొడుగునా చెప్పినా వాడికి నమ్మకం కుదరలేదు.

కిలోమీటరున్నర నడిచే వరకు అంతా సరదాగానే సాగింది. ఫోన్‌లో దూరం 40 మీటర్లు, 20 మీటర్లు, 8 మీటర్లు అని తగ్గుతూ ఉంటే పిల్లలు పరుగులు పెట్టారు. ఆ 8 దగ్గర కథ అడ్డం తిరిగింది. రెండడుగులు ముందుకు వేస్తే 14 మీటర్లు ఉత్తరానికి అంటుంది, అటు వెళ్తే 6 మీటర్లు తూర్పుకు అంటుంది, అక్కడే కదలకుండా నిలబడినా అంకె మారిపోతుంది. మా అమ్మాయి ఫోన్ పట్టుకుని ఒకే పొద చుట్టూ గానుగెద్దులా తిరిగింది. 40 నిమిషాలు గడిచేసరికి చిన్నవాడు నేల మీద చతికిలబడి ఏడుపు అందుకున్నాడు. ఇంటికి వచ్చి యాప్‌లో ఆ క్యాష్ వివరాల పేజీని తీరిగ్గా చదివితే, అది బొటనవేలంత గొట్టమనీ, మాకంటే ముందు వెళ్ళిన ఇద్దరికీ దొరకలేదనీ తెలిసింది.

ఇంతకీ లోపం ఫోన్‌దా, మేము వెతికిన పద్ధతిదా? ఇద్దరు పిల్లలకూ సరిపోయే క్యాష్‌ను ముందుగానే గుర్తుపట్టడం ఎలా? అయిదేళ్ళ పిల్లవాడికి ఈ ఆట ఇంకా తొందరే అంటే, మేమే సొంతంగా నిధి వేట తయారుచేసుకునే దారి ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెబితే ఇంకొక ప్రయత్నం చేస్తాము. మా అమ్మాయికి ఆసక్తి పోలేదు. చిన్నవాణ్ణి మాత్రం మళ్ళీ ఒప్పించాలి.

దిక్సూచి ఇచ్చిన సమాధానం

పచ్చికబాట గారూ, లోపం మీ ఫోన్‌ది కాదు. ఆ 8 మీటర్ల దగ్గర మొదలయ్యే తడబాటు ఈ ఆటలో అందరికీ ఎదురయ్యేదే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ గడియారం చూపే సమయాన్ని ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు ఎంత ఆలస్యంగా చేరాయో లెక్క కట్టి, ఫోన్ తాను ఎక్కడుందో తేల్చుకుంటుంది. సెకనులో పది లక్షలవ వంతు కాలంలో ఆ సంకేతం 300 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, లెక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా నేల మీద అది మీటర్లలో కనిపిస్తుంది. ఆరుబయట, ఆకాశం పూర్తిగా కనిపించే చోట మామూలు ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. దట్టమైన కొమ్మల కిందకో కొండ పక్కకో వెళ్తే కొన్ని సంకేతాలు అడ్డుపడి బలహీనమవుతాయి, కొన్ని రాతికి తగిలి చుట్టుదారిన వస్తాయి, మీరు చూసినట్టు అంకెలు చిందులు వేస్తాయి. పైగా డబ్బా దాచిన మనిషి కూడా ఇటువంటి పరికరంతోనే అక్షాంశ రేఖాంశాలు రాసుకున్నాడు. ఆయన తేడా, మీ తేడా కలిస్తే పది మీటర్లు ఇట్టే అవుతుంది. ఫోన్ సున్నా చూపించిన చోటే డబ్బా ఉంటుందనుకుంటే గానుగ తిరగక తప్పదు.

నా పద్ధతి ఇది. దూరం 10 మీటర్లకు రాగానే ఫోన్ జేబులో పెట్టేస్తాను. అక్కడ ఒక సంచి నేల మీద ఉంచి, దాన్ని నడిబొడ్డు అనుకుని, ఒక్కొక్కరం ఒక్కొక్క దిక్కు పంచుకుంటాము. అంతకు ముందు ఒక నిమిషం కదలకుండా నిలబడి, "నువ్వయితే ఇక్కడ ఎక్కడ దాస్తావు?" అని పిల్లలను అడుగుతాను. ఈ ప్రశ్న పెద్దల కంటే పిల్లలకే బాగా అబ్బుతుంది, ఎందుకంటే దాక్కోవడం వాళ్ళకు నిన్నా మొన్నటి విద్య. ఒకసారి పడిపోయిన పెద్ద మాను పక్కన అరగంట వెతికినా మాకు ఏమీ కనిపించలేదు. మా ఆరేళ్ళ పిల్ల, "ఈ పుల్లలన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయేమిటి?" అని అడిగింది. నిజమే, గాలికి రాలిన పుల్లలు చెల్లాచెదురుగా పడతాయి గాని, పేర్చినట్టు పక్కపక్కన పడవు. వాటిని తీస్తే వేరు కింది సందులో, నాచు రంగు పూసిన మూత కనిపించింది. లోపల తడిసి వంకర తిరిగిన చిన్న పుస్తకం, ముల్లు విరిగిన పెన్సిల్, రెండు గోళీలు, ఒక రబ్బరు కప్ప ఉన్నాయి. ఆ కప్ప ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దానికి బదులుగా మా పిల్ల తన బొమ్మ కారు ఒకటి పెట్టి వచ్చింది. ఏదైనా తీసుకుంటే అంతే విలువైనదో, ఇంకాస్త మంచిదో పెట్టడం, ఏమీ తీసుకోకపోయినా పుస్తకంలో పేరు రాయడం ఈ ఆటలో మర్యాద.

ఇక ఎంపిక విషయం. మీరు తప్పటడుగు వేసింది ఇక్కడే, అదీ ఇంటి దగ్గరే. మొదటి నాలుగైదు సార్లు "ట్రెడిషనల్" రకం క్యాష్‌లకే పరిమితం కండి, అంటే ఇచ్చిన చోటనే నేరుగా డబ్బా ఉండేవి. ఒక చోట దొరికిన సమాచారంతో ఇంకొక చోటికి పంపే "మల్టీ" రకాలు, ముందు చిక్కుముడి విప్పితే గాని చోటు తెలియని "మిస్టరీ" రకాలు తరువాత చూసుకోవచ్చు. పరిమాణం కూడా పేజీలోనే ఉంటుంది. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు, అందులో మడత కాగితం తప్ప బొమ్మ పట్టదు. స్మాల్ అంటే 100 మిల్లీలీటర్ల నుంచి ఒక లీటరు వరకు, రెగ్యులర్ అంటే ఒకటి నుంచి 20 లీటర్ల వరకు. చిన్నవాడికి మూత తెరిచే ఆనందం కావాలంటే రెగ్యులర్ డబ్బానే వెతకాలి, కనీసం స్మాల్ అయినా ఉండాలి. కష్టం ఎంతో, నేల ఎలాంటిదో రెండింటికీ 1 నుంచి 5 వరకు, అర చొప్పున పెరిగే అంకెలు ఇస్తారు. రెండూ 1.5 దాటనివి మీ ఇంటికి సరిపోతాయి. వీటన్నింటికంటే ముఖ్యం, చివరగా వెళ్ళినవారు రాసిన మాటలు చదవడం. వరుసగా రెండు మూడు సార్లు దొరకలేదని రాసి ఉంటే ఆ డబ్బా బహుశా అక్కడ లేనే లేదు. పెద్దవాళ్ళం ఒక్కళ్ళమే అయితే వెళ్ళి చూసుకోవచ్చు, పిల్లలను మాత్రం అలాంటి చోటికి తీసుకువెళ్ళకండి.

పేజీ కింద ఉండే సూచనను గజిబిజి అక్షరాల్లో ఇస్తారు. అది ఇంగ్లిషు అక్షరమాలను సగానికి మడిచిన సంకేత లిపి: ప్రతి అక్షరానికి బదులు దాని తరువాత వచ్చే పదమూడవ అక్షరం రాస్తారు, ఏ బదులు ఎన్, బీ బదులు ఓ, అలాగే తిరగేసి కూడా. యాప్‌లో ఒక్కసారి నొక్కితే విడిపోతుంది గాని, నొక్కకుండా మీ అమ్మాయికి కాగితం, పెన్సిల్ ఇవ్వండి. చెట్టు కింద కూర్చుని ఆమె అక్షరాలు మారుస్తుంటే తమ్ముడు పక్కనుంచి కదలడు.

అంకెలు చేత్తో నమోదు చేయాల్సి వస్తే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాల్లో, నిమిషాలకు మూడు దశాంశాలతో ఇస్తారు. ఒక డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 40 డిగ్రీల 30 నిమిషాలు అంటే 40.5 డిగ్రీలు. అక్షాంశంలో దాన్ని 40.30 అని నమోదు చేస్తే దాదాపు 22 కిలోమీటర్ల దూరంలో తేలుతారు. నేను ఒకసారి తేలాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ చిన్నవాడికి ఈ ఆట పుట్టుక గురించి ఒక మాట చెప్పండి. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం, పౌరులు వాడే జీపీఎస్ సంకేతాల్లో తానే కావాలని కలిపే తేడాను తీసేసింది. అప్పటిదాకా వంద మీటర్ల వరకు తప్పు చూపిన పరికరాలు ఒక్కసారిగా దారికి వచ్చాయి. దాన్ని పరీక్షిద్దామని డేవ్ ఉల్మర్ అనే ఆయన మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో, బీవర్‌క్రీక్ దగ్గర, ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టును సగం పూడ్చి, ఆ చోటు అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడు రోజుల్లో దాన్ని రెండుసార్లు కనుక్కున్నారు. అందులో పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి, డబ్బు కూడా ఉంది. కాబట్టి వాడు జేబులు ఖాళీ చేసుకుని రావడంలో తప్పేమీ లేదు, కాస్త ఆలస్యంగా వచ్చాడు, అంతే. స్థలం యజమాని అనుమతి లేకుండా పూడ్చిపెట్టడం, తినే వస్తువులు ఉంచడం మాత్రం ఈనాటి నియమాలు ఒప్పుకోవు. ఆ మొదటి బకెట్టును ఇప్పుడు ఎవరైనా నమోదు చేయబోతే వెనక్కి పంపేస్తారు.

చిత్తుపటం ఇచ్చిన సమాధానం

దిక్సూచి గారు చెప్పినదంతా పదకొండేళ్ళ అమ్మాయికి చక్కగా సరిపోతుంది. అయిదేళ్ళవాడి విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. ఆ వయసులో కిలోమీటరున్నర నడిచి ఒక్క డబ్బా తెరవడం చాలా పెద్ద బేరం. వాడికి ప్రతి ఇరవై అడుగులకూ ఏదో ఒకటి దొరకాలి. అందుకని అసలు వేటకు వెళ్ళే దారిలోనే వాడికి వేరే వేట పెట్టండి.

మేము చేసేది చాలా తేలిక. గట్టి అట్టముక్క మీద ఏడెనిమిది రంగుల చుక్కలు పెట్టి, ఆ రంగులు అడవిలో ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించమంటాము. ఆకుపచ్చ ఒక్కటే పెడితే ఆట రెండు నిమిషాల్లో ముగుస్తుంది. ఆకుపచ్చలోనే నాలుగు ఛాయలు పెడితే, లేత చిగురుకూ ముదురాకుకూ నాచుకూ గడ్డికీ ఉన్న తేడా కోసం పిల్లవాడు వంగి వంగి చూస్తాడు. ఎర్రమట్టి రంగు, బూడిద రంగు పెడితే ఇంకా మంచిది, ఎందుకంటే బెరడు ఎప్పుడూ పుస్తకాల్లో బొమ్మ వేసినట్టు గోధుమ రంగులో ఉండదని అప్పుడే తెలుస్తుంది. చదవడం రాకపోయినా ఆడగలిగిన ఇంకో ఆట, ముందు రోజే మీరు వెళ్ళి, బెరడు మీది మచ్చ, రాతి మీది పగులు, కంచె కర్ర చివర వంటివి బాగా దగ్గరగా ఫోటోలు తీసుకురావడం. అది ఏ చెట్టో, ఏ రాయో వాడు కనుక్కోవాలి. దొరికినదాన్ని కోయకుండా, పీకకుండా వేలితో చూపించడమే నియమంగా పెట్టుకోండి.

రెండో అంచె, అక్కను దాచే మనిషిని చేయడం. మా ఇంట్లో గొడవలు సద్దుమణిగింది దీనితోనే. పెద్ద పిల్లకు వెతకడంలో తమ్ముడు అడ్డుగా అనిపిస్తాడు, దాచడంలో మాత్రం తమ్ముడే అవసరం, వాడు లేకపోతే ఆటే లేదు. 300 మీటర్ల దారి, ఆరేడు ఆనవాళ్ళు చాలు. ఆనవాళ్ళను చివరి నుంచి మొదటికి రాసుకుంటూ రావాలి, ఎందుకంటే ప్రతి చీటీ తరువాతి చోటును చెప్పాలి గాని, తానున్న చోటును కాదు. మా అబ్బాయి మొదటిసారి ముందు నుంచి వెనక్కి రాసి, ప్రతి చెట్టు దగ్గరా ఆ చెట్టుకే దారి చూపే చీటీ పెట్టాడు. మేమంతా మొదటి చెట్టు దగ్గరే అరగంట నిలబడ్డాము.

చీటీలకు పొడుపు కథలకు మించినవి లేవు. ఉన్నవే వాడనక్కరలేదు, అక్కడున్న వస్తువును చూసి కట్టుకోవచ్చు. కొట్టేసిన చెట్టు మొదలు కోసం మా వాడు రాసినది: "తల లేదు, అయినా నిలబడి ఉంది, నోరు లేదు, అయినా వయసు చెబుతుంది." తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ మోడు మీది వలయాలు లెక్కపెట్టి 60 దాటాక తగువులాడుకున్నారు గాని, ఆ కింద ఉన్న చీటీని మాత్రం పట్టుకున్నారు.

పెద్దమ్మాయికి అడుగుల లెక్క కూడా నేర్పండి. 20 మీటర్లు టేపుతో కొలిచి, ఆ దూరంలో ఆమె అడుగులు ఎన్ని పడుతున్నాయో మూడుసార్లు లెక్కించి సగటు తీయాలి. 40 అడుగులు పడితే ఆమె అడుగు అర మీటరు, కాబట్టి "మోడు నుంచి తూర్పుకు 60 మీటర్లు" అంటే 120 అడుగులు. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నదవుతుంది, దిగేటప్పుడు పెద్దదవుతుంది, ఆ సవరణ ఆమే కనిపెట్టుకుంటుంది. చేతిలో మామూలు దిక్సూచి ఉంటే ఫోన్ అవసరం లేకుండానే సగం వేట నడుస్తుంది.

బహుమతి గురించి కూడా ఒక మాట. డబ్బాలో చిల్లర బొమ్మలు పోగుచేయడం నాకు అంతగా నచ్చదు. ఇంటికి రాగానే అవి మంచం కిందకు చేరతాయి. దీనికి లెటర్‌బాక్సింగ్ అనే పాత ఆటలో మంచి దారి ఉంది. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బయళ్ళలో జేమ్స్ పెరట్ అనే మార్గదర్శి, క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట రాళ్ళ కుప్పలో ఒక సీసా ఉంచాడు. అంత దూరం నడిచి వెళ్ళినవారు తమ పేరున్న చీటీ అందులో వేసి వచ్చేవారు. ఆ ఆచారం పెరిగి, పెట్టెలో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం ఉంచే ఆటగా మారింది. పెట్టెలోని ముద్రను మన పుస్తకంలో వేసుకుంటాము, మన ముద్రను పెట్టెలోని పుస్తకంలో వేస్తాము. మీ పిల్లలకు ఒక్కొక్క పెద్ద రబ్బరు ఇచ్చి, దాని మీద పేరు గీయడం వాళ్ళకు వదిలి, చెక్కే పని మాత్రం మీరు చేతిలోకి తీసుకుని, సొంత ముద్ర తయారుచేయించండి. అక్షరాన్ని తిరగేసి గీయాలన్న సంగతి చెప్పకండి. మొదటి ముద్ర పడ్డాక తమ పేరు అద్దంలో చూసినట్టు రావడం చూసి వాళ్ళే అడుగుతారు.

ఎండుటాకు ఇచ్చిన సమాధానం

పైన ఇద్దరూ చెప్పినవి మంచి సలహాలే. అయితే సందుల్లో వెతకమనేటప్పుడు చెప్పవలసిన మొదటి మాట ఎవరూ చెప్పలేదు: కళ్ళు చూడని చోట చేయి పెట్టకూడదు. చెట్ల వేర్ల కింది సందులు, రాళ్ళ గుట్టలు, చెట్టు తొర్రలు డబ్బాలకు ఎంత అనువైనవో పాములకు, కందిరీగలకు, తేళ్ళకు కూడా అంతే అనువైనవి. ముందు కొంచెం దూరం నుంచి చిన్న టార్చి వేసి చూడాలి, తరువాత పొడుగాటి కర్రతో తట్టాలి, ఆ తరువాతే చేయి పెట్టాలి, అది కూడా పెద్దవారి చేయి. పిల్లల పని కనిపెట్టడం, తీయడం మీ పని. ఈ పంపకం ఇంట్లోనే మాట్లాడుకుని బయలుదేరాలి, ఎందుకంటే డబ్బా మెరుపు కనిపించాక ఏ పిల్లవాడూ ఆగడు.

రెండోది, వెతికే చోటుకు మనం చేసే హాని. డబ్బా ఒక్కటే అయినా దాని కోసం సంవత్సరంలో వందమంది వస్తే, బాట నుంచి దాని దాకా కొత్త కాలిబాట పడిపోతుంది, అక్కడి లేత మొక్కలు నలిగిపోతాయి. అందుకని వీలైనంత వరకు ఉన్న బాట మీదే ఉండి, చివరి కొద్ది అడుగులకే పక్కకు దిగాలి. స్థలం యజమాని అనుమతి లేకుండా క్యాష్‌ను నేలలో గొయ్యి తవ్వి పెట్టకూడదు, చెట్టుకు మేకులు కొట్టకూడదు అన్నవి ఆటలోనే ఉన్న నియమాలు కాబట్టి, వెతికేవారికి కూడా తవ్వే అవసరం, బెరడు ఊడదీసే అవసరం, పేర్చిన రాతిగోడను విప్పే అవసరం మామూలుగా రాదు. అలా చేయవలసి వస్తోందంటే వెతుకుతున్న చోటు తప్పు. కదిలించిన రాయిని మళ్ళీ అలాగే, నాచు పట్టిన వైపు పైకి ఉండేటట్టు పెట్టండి. రాయి కింద బతికే పురుగులకు అదే ఇల్లు. పక్షులు గూళ్ళు కట్టే కాలంలో పొదల్లోకి దూరే వేటలు మానుకోవడం మంచిది.

చిత్తుపటం గారి పద్ధతిలో సొంత వేట పెట్టుకునేవారికి ఒక విన్నపం. పెట్టిన చీటీల లెక్క ఒక కాగితం మీద రాసుకుని, వెళ్ళేటప్పుడు అన్నీ తీసుకువెళ్ళండి. రంగు రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లు కొమ్మలకు వేలాడుతూ నెలల తరబడి ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. జియోక్యాషింగ్ చేసేవారిలో వేటకు వెళ్ళిన దారిలో చెత్త ఏరుకొచ్చే మంచి అలవాటు ఒకటి ఉంది, దానికోసం ప్రత్యేకంగా కలిసే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒక సంచి, పిల్లల కొలతకు సరిపోయే చేతి తొడుగులు వెంట పెట్టుకోండి.

పచ్చికబాట రెండు వారాల తరువాత రాసినది

ముగ్గురికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ ఒకేసారి చేయలేదు గాని, చాలావరకు చేశాము. ఈసారి రెగ్యులర్ పరిమాణం, కష్టం 1.5, నేల 1.5, పోయిన వారమే ఎవరికో దొరికిందని రాసి ఉన్న క్యాష్‌ను ఎంచుకున్నాము. అక్షరాలు విడదీసే పని మా అమ్మాయి తీసుకుంది. చిన్నవాడికి రంగుల అట్ట ఇచ్చాము. నాలుగు ఆకుపచ్చల్లో ఒకటి ఎక్కడా దొరకక, చివరకు నా చొక్కా బొత్తాం చూపించి నెగ్గానన్నాడు.

10 మీటర్ల దగ్గర ఫోన్ జేబులో పెట్టమంటే మా అమ్మాయి ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు బండల మధ్య ఒక చదునైన రాయి నిలువుగా నిలబెట్టి ఉంది, దాని అంచున మట్టి లేదు, చుట్టూ ఉన్న రాళ్ళన్నింటికీ ఉంది. చిన్నవాడే చూశాడు, "ఈ రాయి స్నానం చేసింది" అన్నాడు. ఎండుటాకు గారి మాట గుర్తుంచుకుని ముందు టార్చి వేశాను. లోపల ఒక బల్లి తప్ప ఎవరూ లేరు, అది కూడా వెళ్ళిపోయాక డబ్బా తీశాము. అందులో ఒక సంఖ్య చెక్కిన లోహపు బిళ్ళ తగిలించిన బొమ్మ ఎలుగుబంటి ఉంది. చిన్నవాడు దాన్ని వదలనంటే తీసుకువచ్చాము. తరువాత చదివితే అది ఉంచేసుకునే వస్తువు కాదని అర్థమైంది. ఇప్పుడు ఏం చేయాలి?

ఇంకొకటి, మా అమ్మాయి ఇప్పుడు అందరికోసం తానే ఒక క్యాష్ దాస్తానంటోంది. తమ్ముడి కోసం కాదు, నిజంగా యాప్‌లో కనిపించేది. అది ఈ వయసు పిల్లలు చేయగలిగిన పనేనా?

దిక్సూచి ఇచ్చిన సమాధానం

ఆ ఎలుగుబంటిని ట్రావెల్ బగ్ అంటారు. అది ఒక క్యాష్ నుంచి ఇంకొక క్యాష్‌కు ప్రయాణించే వస్తువు. బిళ్ళ మీది సంఖ్యను నమోదు చేస్తే అది ఎక్కడ బయలుదేరిందో, ఇప్పటిదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, దాని యజమాని దాన్ని ఎక్కడికి పంపాలనుకుంటున్నారో కనిపిస్తుంది. మీ దగ్గర ఉందని ముందు నమోదు చేయండి, తరువాతి వేటలో అది పట్టేంత పెద్ద డబ్బాలో వదలండి. చిన్నవాడితో, ఎలుగుబంటి మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందనీ, దానికి ఇంకా చాలా ఊళ్ళు తిరిగే పని ఉందనీ చెప్పండి. వదిలాక అది ఎక్కడికి చేరిందో పటంలో చూపిస్తూ ఉంటే వాడి బెంగ తీరుతుంది.

క్యాష్ దాచడం మీ అమ్మాయి చేయగలదు, మీరు వెంట ఉంటే. అయితే ఇంకో పదీ పదిహేను క్యాష్‌లు చూశాక చేస్తే మంచిది, ఏ డబ్బా ఎందుకు తడిసిందో, ఏది ఎందుకు పోయిందో అప్పటికి ఆమెకే తెలిసిపోతుంది. స్థలం ఎవరిదో వారి అనుమతి ముందు తీసుకోవాలి. దగ్గర్లోని వేరే క్యాష్‌కు కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకులు చూసి ఒప్పుకున్నాకే అది యాప్‌లో కనిపిస్తుంది. అంకెలు ఒక్కసారి చూసి రాసేయకుండా, రెండు మూడు వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ కొత్తగా నడిచి వచ్చి చూసి, సగటు తీయమనండి. అక్షాంశ నిమిషంలోని మూడో దశాంశంలో ఒక్క అంకె తేడా నేల మీద 1.85 మీటర్లు అవుతుంది కాబట్టి, ఆ మూడో స్థానం కోసం పడే కష్టమంతా వెతకడానికి వచ్చే ఇంకో అయిదేళ్ళవాడికి కలిసివస్తుంది. ఆ తరువాత డబ్బా బాగోగులు కూడా ఆమెవే. అందుకని సెలవులకు వెళ్ళిన దూరపు చోట కాక, నెలకొకసారి నడిచి వెళ్ళగలిగిన చోట పెట్టించండి.

డబ్బా మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్నదై ఉండాలి, పుస్తకాన్ని విడిగా జిప్ ఉన్న చిన్న సంచిలో పెట్టాలి. పెన్ను వద్దు, తడి కాగితం మీద అది రాయదు. పెన్సిల్ పెట్టించండి, దాని పక్కనే చెక్కుడు మర కూడా పెట్టడం మరచిపోవద్దనండి. నాకు దొరికిన డబ్బాల్లో సగానికి పైగా ముల్లు విరిగిన పెన్సిళ్ళే ఉన్నాయి.